నూనె ముందు, పిండి తర్వాత

నలుగు గురించి ఎవరిని అడిగినా ముందు పిండి సంగతే చెబుతారు. పెసర్లు మంచివా, శనగలు మంచివా, అందులో ఏమేం కలపాలి అని. నన్నడిగితే నలుగు గొప్పదనం పిండిలో కన్నా పెట్టే వరసలో ఉంది. ముందు నూనె, ఆ పైనే పిండి. పిండి పూర్తిగా ఆరకముందే తడి చేత్తో తీసెయ్యాలి. అదీ వారానికోసారి. ఈ వరస తప్పితే ఎంత మంచి పిండైనా ముఖాన్ని గీరేస్తుంది. తప్పకుంటే డబ్బాలో ఉన్న చారెడు పెసర్లు చాలు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ వరస పెళ్ళిళ్ళ పుణ్యమా అని ఇంకా బతికే ఉంది. పెళ్ళికి ముందు జరిపే మైలపోలు నాడు ముత్తైదువలు పిల్లనో పిల్లగాడినో పీట మీద కూర్చోబెట్టి, ముందు నూనె అంటి, పసుపు రాసి, ఆ తర్వాత నలుగు పెడతారు. పిండితో మొదలుపెట్టేవాళ్ళు ఒక్కరూ కనిపించరు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో దినచర్య అధ్యాయం తీసి చూసినా ఇదే క్రమం: ముందు అభ్యంగం అంటే ఒంటికి నూనె పట్టించడం, తర్వాత వ్యాయామం, ఆ తర్వాత ఉద్వర్తనం అంటే పొడులతో ఒళ్ళు రుద్దుకోవడం, చివరికి స్నానం. పుస్తకం మొహం చూడని పెద్దమ్మలు కూడా ఈ క్రమాన్ని తప్పకుండా పాటిస్తూ వచ్చారు.

దీనికి కారణం చర్మంలోనే ఉంది. పైకి కనిపించే పొరంతా చచ్చిన కణాలే. అడుగున కొత్తవి పుడుతుంటే పాతవి పైకి జరుగుతూ, పడుచు వయసులో దాదాపు నెల రోజులకు రాలిపోతాయి. వయసు మీదపడే కొద్దీ, ఎండగాలికి చర్మం పొడిబారే కొద్దీ రాలడం మందగిస్తుంది, ముఖం మొద్దుబారినట్టు కనిపిస్తుంది. నూనె ఆ ఎండు పొరను మెత్తబరుస్తుంది. పిండి రేణువుకూ చర్మానికీ మధ్య జారుడుగా నిలిచి గీతలు పడకుండా కాస్తుంది. పిండి ఆ నూనెను పీల్చుకుని, వదులైన పొరను, దుమ్మును తనతో పట్టుకొస్తుంది.

ఇక్కడి నీళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరైడ్ గురించి దేశమంతా విన్నది. నీళ్ళ కాఠిన్యం గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. చాలా ఊళ్ళల్లో బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. బకెట్ అంచుకు పట్టే ఆ తెట్టే ముఖానికీ పడుతుంది. పైగా మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మానిది 5 దరిదాపుల్లో ఉండే స్వల్ప ఆమ్లగుణం. అందుకే తానం చేసి తుడుచుకోగానే బుగ్గలు బిగుసుకుపోతాయి. పెసరపిండికి నీళ్ళలోని సున్నంతో పేచీ లేదు, తెట్టు కట్టదు. ఉప్పునీళ్ళ ఊరికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన వస్తువు నాకు తెలియదు.

ఇక పిండి. పొట్టు పెసర్లను బాగా ఎండబెట్టాలి, వేయించొద్దు. పావుకిలో పెసర్లకు గుప్పెడు బియ్యం, రెండు చిన్న పసుపు కొమ్ములు దంచి వేస్తే సరిపోతుంది. పొడి పసుపు కొనకుండా కొమ్ములే తీసుకోండి, పొడిలో రంగు కల్తీ కనిపెట్టడం కష్టం. ఇసుర్రాయి ఇప్పుడు ఏ మూలనో ఉంటుంది కాబట్టి మిక్సీలోనే పట్టొచ్చు. జల్లెడ పట్టడంతో మాత్రం పని అయిపోయిందనుకోవద్దు. పాత నూలు చీర ముక్కను గిన్నె మూతికి బిగించి కట్టి, పిండి పోసి వేళ్ళతో నెమ్మదిగా కదపాలి. కిందకు దిగినది ముఖానికి. వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు, తగిలితే ఇంకోసారి పట్టాలి. గుడ్డ మీద మిగిలిన రవ్వ మోచేతులకు, మడమలకు. ఒక్క పిండిని ఇలా రెండుగా విడదీసే ఓపికే నలుగులో సగం విద్య. గాజు సీసాలో పోసి తడి చెయ్యి పెట్టకుండా వాడితే రెండు నెలలు నిలుస్తుంది. పురుగు పట్టినా, ముక్క వాసన వచ్చినా పారబోయాల్సిందే.

పెట్టే తీరు ఇది. ఈ రెండు జిల్లాల ఎర్ర చెల్కల్లో ఆముదాలు బాగా పండుతాయి, ఆముదం ఇంట్లోనే ఉంటుంది. కానీ అది చిక్కన, ముఖానికి జిగటగా పట్టుకుంటుంది. దాన్ని కాళ్ళకు ఉంచి, ముఖానికి నాలుగు చుక్కలు నువ్వుల నూనె రాసి పావుగంట ఆగండి. రెండు చెంచాల పిండిని నీళ్ళతోనో పెరుగుతోనో జారకుండా కలిపి పలచగా పట్టించండి. అంచుల్లో రంగు తేలి, బుగ్గ మధ్యలో ఇంకా తడి నలుపు ఉండగానే వేళ్ళు తడుపుకుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ దవడ నుంచి చెవి వైపు రావాలి. వేలి కొసలు తాకితే చాలు, చేతి బలం పడొద్దు. కళ్ళ చుట్టూ అసలు ముట్టొద్దు. పిండి పోగులు పోగులుగా రాలుతుంది. అది చూసి "ఎంత మట్టి పోయిందో" అని మురుస్తారు గానీ, అందులో ఎక్కువ భాగం పిండీ నూనే, వాటితోపాటు కొంత చచ్చిన చర్మం. పోగులు ఆగేదాకా రుద్దుతామంటే చర్మం ఎర్రబడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తువ్వాలతో అద్దుకుంటే అయిపోయినట్టే. పూర్తిగా ఎండి బిగుసుకున్న పిండిని గీకి తీయడం ఈ పద్ధతికి పూర్తి విరుద్ధం.

పెరుగు ఊరికే కలిపేది కాదు. అందులోని లాక్టిక్ ఆమ్లం చచ్చిన కణాల పట్టును సడలిస్తుంది. పొలుసులు లేచే ఇక్తియోసిస్ జబ్బుకు ఇలాంటి ఆమ్లాలు పనికొస్తాయని అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు 1974లో ప్రకటించాకే ఇవి సౌందర్య వైద్యంలోకి వచ్చాయి. క్లినిక్కుల్లో పూసే ఆమ్లానికి గాఢత ఎన్నో రెట్లు ఎక్కువ. పెరుగులో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. అంత ఫలితం ఆశించవద్దు, అంత భయమూ వద్దు.

నల్లగొండకు బత్తాయి తోటలు పేరు తెచ్చాయి. తిని పారేసే తొక్కలను పురుగుమందుల అవశేషం పోయేలా కడిగి, నీడన ఎండబెట్టి, పొడిచేసి అదే గుడ్డలో పట్టి పిండికి పదో వంతు కలుపుకోవచ్చు. పొలం గట్ల మీది తంగేడు పూల పొడినీ కొందరు కలుపుతారు. నిమ్మ విషయంలో మాత్రం గట్టిగా వద్దంటాను. నిమ్మరసం, తొక్క చర్మానికి తగిలాక ఎండ పడితే అందులోని ఫ్యూరోకుమరిన్లు చర్మాన్ని కాల్చి, బొబ్బలు లేపి, నెలల తరబడి పోని నల్ల మచ్చలు మిగులుస్తాయి. వేసవిలో 45 డిగ్రీలు చూసే నేల ఇది. నలుగు ఏదైనా సాయంత్రమే మేలు. పాలమూరు ఇళ్ళల్లో పేలకు వాడే సీతాఫలం గింజల పొడిని ఈ పిండి దరిదాపుల్లో ఉంచొద్దు, కంట్లో పడితే నల్లగుడ్డు పుండుపడుతుంది.

చక్కెర, ఉప్పు ముఖానికి గరుకు. ఎండిన బీరపీచు వీపుకు, కాళ్ళకు బాగుంటుంది, వాడాక ఎండలో ఆరేయాలి. చీము మొటిమలు ఉన్నవాళ్ళు నూనె, రుద్దుడు రెండూ మానుకోవాలి.

నలుగుతో రంగు తేలుతుందని ఆడపిల్లలకు చెప్పే మాట నాకు బాధ కలిగిస్తుంది. రంగు మెలనిన్‌ది, పిండి దాన్ని మార్చలేదు. పొర రాలితే ముఖం నునుపుగా, కాంతిగా ఉంటుంది, అంతే. ఆ అంతే చాలు. తెల్లబడాలన్న ఆశతోనే ఎందరో స్టెరాయిడ్ కలిసిన క్రీములు చీటీ లేకుండా కొని నెలల తరబడి పూస్తున్నారు. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములు అనేకం డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ క్రీములతో పలచబడిన ముఖానికి ఏ పిండీ తగలకూడదు, చర్మ వైద్యులకు చూపించాలి.

చంటిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నూగు వెంట్రుకలు పోతాయని పసికందుకు పిండి రుద్దడం మన ఊళ్ళల్లో ఇంకా ఉంది. పిల్లల చర్మం పెద్దల చర్మం కన్నా పలచన, తొందరగా ఒరిసిపోతుంది. పిండికి వెంట్రుక కుదురు కదలదు. కొద్దిగా నూనె, గోరువెచ్చని నీళ్ళు వాళ్ళకు సరిపోతాయి. ఆ నూగు కొన్ని వారాల్లో, ఆలస్యమైతే కొన్ని నెలల్లో దానంతటదే రాలిపోతుంది.