పల్నాటి యుద్ధంలో మన పక్షం యేది?

పల్నాటి వీరగాథను గురించి మన విద్యార్థులలోనూ, ఉపాధ్యాయులలోనూ వొక వివాదం చాలాకాలంగా నడుస్తూ వున్నది. బ్రహ్మనాయుడు అభ్యుదయవాదియా, లేక నాయకురాలు నాగమ్మ అభ్యుదయ శక్తియా? మొదటి వాదం వారు చాపకూడును చూపుతారు. పన్నెండవ శతాబ్దంలో మంత్రిత్వం నెరపిన స్త్రీని కవులూ గాయకులూ కలిసి కపటిగా చిత్రించారని రెండవ వాదం వారంటారు. రెండింటిలోనూ కొంత సత్యం వున్నది. కాని రెండు వాదాలూ ప్రశ్నను తలక్రిందులుగా వేస్తున్నాయని నా అభిప్రాయం.

యిట్లా పక్షం యెన్నుకునే అలవాటు ప్రాచీన కావ్యాలతో ఆగిపోలేదు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని చదువుకునే కుర్రవాళ్లు, 2011లో వెలువడిన ‘స్కైరిమ్’ అనే కంప్యూటర్ ఆటను గురించి అచ్చంగా యీ ధోరణిలోనే గంటల తరబడి వాదించుకోవడం విన్నాను. అదొక కల్పిత దేశం, అందులో అంతర్యుద్ధం. వొకవైపు సామ్రాజ్యం. థాల్మర్లనే పరాయి పాలకులతో యుద్ధం చేసి చితికిపోయి, వారు విధించిన సంధి ప్రకారం తన ప్రజలు కొలిచే టాలోస్ అనే దేవుణ్ణి నిషేధించిన సామ్రాజ్యమది. రెండవవైపు ఉల్‌ఫ్రిక్ అనే నాయకుడి తిరుగుబాటుదళం. వొక విద్యార్థి దీన్ని జాతీయ విమోచనోద్యమం అంటాడు. యింకొకడు వెంటనే అడ్డు తగులుతాడు: ఉల్‌ఫ్రిక్ యేలే విండ్‌హెల్మ్ పట్టణంలో శరణార్థులుగా వచ్చిన వారిని వొక మురికివాడలో కుక్కిపెట్టారు, రేవులో మూటలు మోసే ఆర్గోనియన్లకు పట్టణ ప్రాకారం లోపల చోటే లేదు! పైగా యే పక్షమూ త్వరగా గెలవకుండా యుద్ధం సాగడమే థాల్మర్లకు లాభమని తెలిపే రహస్యపత్రం వొకటి ఆటలోనే దొరుకుతుంది.

ఆట గదా అని దీన్ని తోసివేయనక్కర లేదు. ఆ రెండవ విద్యార్థి నాయకుడి నినాదాన్ని విడిచిపెట్టి, అతని ప్రాకారానికి బయట యెవరున్నారని చూశాడు. మన వీరగాథను కూడా ఆ చూపుతో చదివితే యేమవుతుంది?

కథ అందరికీ తెలిసినదే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో సవతితమ్ముడు మలిదేవరాజు. అక్కడ నాగమ్మ, యిక్కడ బ్రహ్మనాయుడు. వొక కోడిపందెం మీద రాజ్యాన్ని వొడ్డారు. ఓడిన మాచర్లవారు యేడేళ్లు వలసపోయారు. గడువు తీరి రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు. కారెంపూడి వద్ద యుద్ధం జరిగింది. కోడికాలికి కత్తి కట్టిన నాడు గురజాల రైతునుగాని, మాచర్ల కాపరినిగాని ‘నీ సమ్మతి యేమి?’ అని అడిగినవారు లేరు. వలసలో పశువులతో అడవులు పట్టినవారు మాత్రం వారే.

అయితే యిద్దరూ భూస్వాములే, యిద్దరూ వొకటే అని తేల్చివేయడం సోమరి విమర్శ అవుతుంది. మన పత్రికలలో యిట్లాంటి విమర్శ తక్కువేమీ రాలేదు! అన్ని కులాలవారినీ వొకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఆ శతాబ్దంలో సామాన్యమైన పని కాదు. మాల కన్నమదాసును కొడుకుగా పెంచి సేనాపతిని చేయడం అంతకన్న పెద్ద పని. దీన్ని యెత్తుగడ అని కొట్టివేసేవారు, ఆ యెత్తుగడ మిగిలిన రాజులకూ మంత్రులకూ యెందుకు తోచలేదో చెప్పవలసి వుంటుంది.

కాని ఆ చాపకూ అంచు వున్నది. అది యెక్కడ వున్నదో గాథే చెబుతుంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు వేర్వేరు కులాలకు చెందిన యువకులను తమ్ములుగా భావించి వెంట నడిపించినవాడు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధానికి పోయేటప్పుడు బాలచంద్రుడు అతనికి యేదో పని కల్పించి వెనక్కి పంపుతాడు; బ్రాహ్మణుడు తన కొరకు చస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని అతని భయం. సంగతి తెలిసిన అనపోతు ఆత్మహత్య చేసుకుంటాడు. సాధారణంగా దీన్ని స్నేహధర్మానికి ఉదాహరణగా పాఠం చెబుతారు. నాకు మరొకటి కనిపిస్తుంది. వొకే చాపమీద తిన్నవారి చావులు వొకే తూకానివి కావు! మంగలి తమ్ముడు చస్తే వీరస్వర్గం, బ్రాహ్మణ తమ్ముడు చస్తే మహాపాతకం. కూటిలో పోయిన భేదం చావులో తిరిగి వచ్చింది. చాపకూడు సైన్యం తిన్న కూడు అన్న సంగతి మరచినవారికి యీ ఘట్టం మింగుడుపడదు.

యిక నాగమ్మ. ఆమె విషయంలో గాథకు రెండు తూనికరాళ్లున్నాయనడం నిజమే. బ్రహ్మనాయుడు విష్ణ్వంశ సంభూతుడు గనుక అతని మాయ లీల అవుతుంది; ఆమె వ్యూహం కుతంత్రమవుతుంది. యీ పక్షపాతాన్ని యెత్తిచూపడం విమర్శకుడి విధి. కాని అక్కడినుండి ఆమెను స్త్రీవిముక్తికి ప్రతినిధిని చేయడం మరొక దూకుడు. అలరాజు భార్య పేరిందేవి నలగాముని కూతురే. ఆ విషం మొదట వితంతువును చేసింది తన ప్రభువు బిడ్డను. ఆమె సహగమనం చేసింది. అధికారం స్త్రీ చేతికి వచ్చినంత మాత్రాన అంతఃపురంలోని స్త్రీల తలరాత మారలేదు.

ప్రతి తరమూ తన అవసరం కొద్దీ యీ గాథలో పక్షం యెన్నుకుంటూ వచ్చింది. 1938లో ‘మాలపిల్ల’ తీసిన గూడవల్లి రామబ్రహ్మం గారే ‘పల్నాటి యుద్ధం’ చిత్రాన్ని ప్రారంభించారు. ఆయన మరణించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా 1947లో విడుదలయింది. దేవాలయ ప్రవేశ ఉద్యమాన్ని చూసిన తరానికి బ్రహ్మనాయుడు సంస్కర్తగా కనబడడంలో ఆశ్చర్యం లేదు. 1966లో మళ్లీ తీసినప్పుడు రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. (ఆ చిత్రం చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుడు యే పక్షాన చేరాడో చెప్పడం కష్టం, భానుమతి గారు అట్లాంటి నటి.)

నేటి తరం యెన్నిక మాత్రం నన్ను కలవరపెడుతున్నది. బ్రహ్మనాయుడు వెలమ, నాగమ్మ రెడ్డి అన్న లెక్క పల్నాటిలో యెవరూ మరచిపోలేదు. ‘సామాజిక న్యాయం’ అని వొకరూ, ‘స్త్రీ శక్తి’ అని వొకరూ మన మాటలే వాడుతూ వాదిస్తున్నప్పుడు, కాస్త గీకి చూస్తే చాలాసార్లు లోపల వున్నది ‘మావాడు’, ‘మా ఆడపడుచు’ అన్న మాటే. ఆటలో ఓడినవాడు పక్షం మార్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. గ్రామ కక్షలలో తరాలు చితికిపోయిన పల్నాడులో పక్షం పుట్టుకతో వస్తుంది, దాని ఖరీదు ప్రాణాలతో చెల్లుతుంది. అట్లాంటి చోట మన సిద్ధాంత పరిభాష కులాభిమానానికి పైపంచె కావడం చిన్న విషయం కాదు.

యుద్ధం యెట్లా ముగిసిందో చూడండి. మలిదేవాదులు పోయారు, బాలచంద్రుడు పోయాడు, తమ్ములందరూ పోయారు. గెలిచిన బ్రహ్మనాయుడు సింహాసనం మీద కూర్చోబెట్టింది యెవరిని? ఆ నలగాముణ్ణే! తరువాత తాను గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడని గాథ. యీ యుద్ధంతో వెలనాటి చోడుల పక్షం బలహీనపడి, ఓరుగల్లు కాకతీయులు తీరాంధ్రానికి విస్తరించడానికి దారి యేర్పడిందని చరిత్రకారులు చెబుతారు. స్కైరిమ్‌లో థాల్మర్లు ఆశించిన లాభం పల్నాట యెవరికి దక్కిందో దీనివల్ల తెలుస్తుంది.

పక్షం వహించడం తప్పని నేననడం లేదు. 1943లో తెనాలిలో పుట్టిన మన సంఘమే పక్షం వహించడానికి పుట్టింది. కాని మలిదేవ, నలగాముల మధ్య కన్నమదాసు వున్నాడు. అతని పక్షాన నిలబడి చదివితే బ్రహ్మనాయుడి ఘనతా, దాని అంచూ రెండూ కనిపిస్తాయి. యీ చదువుకు మన తరగతి గది అనుకూలంగా లేదు. మనం చదివించేది 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు ప్రకటించిన, శ్రీనాథునిదని చెప్పే ద్విపద; అందులో ప్రధానంగా వున్నది బాలచంద్రుడి కథ. 1982లో జీన్ రోగేర్ ఇంగ్లీషులో ప్రకటించిన గ్రంథానికి ఆధారం అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠం. యీ గాథను తరతరాలుగా పాడుతూ వచ్చినవారు మాలలు. వారి పేరే విద్యావంతులు. వారి పాఠాన్ని ‘జానపదం’ అనే పక్కగదిలో వుంచి, ద్విపద వొక్కటే సాహిత్యమన్నంత కాలం కన్నమదాసు సేనాపతిగా కాక పరిచారకుడిగానే కనబడతాడు.

కారెంపూడిలో యిప్పటికీ కార్తిక అమావాస్య నుండి అయిదురోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. చాపకూడు పెట్టేది మందపోరు నాడు. పందెం కాసినవారి రోజున కాదు, మందలు పోగొట్టుకున్నవారి రోజున చాప పరుస్తారు. బెంజ్ సర్కిల్ నుండి వొక పూట ప్రయాణం. ఆ చాపమీద నేడు యెవరి పక్కన యెవరు కూర్చుంటున్నారో, వంట యెవరిదో, వడ్డన యెవరిదో చూసి వచ్చి, యే విద్యార్థి అయినా వ్యాసం వ్రాస్తే యీ పత్రికలోనే దాన్ని చదవాలని వున్నది.