తలసరి ఉత్పత్తి అనే కొలబద్ద

సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి మండలంలో ఓటరు నొక్కే నీలిరంగు మీట వెనుక ఉన్న యంత్రాన్ని మనదేశంలో రెండే సంస్థలు తయారుచేస్తున్నవి. ఒకటి 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్.; రెండవది బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. ఇటువంటి ఎలక్ట్రానిక్ కర్మాగారం ఏమాత్రం ముందుకు సాగినదో తెలుసుకొనడానికి తరచుగా వాడే కొలబద్ద ఒకటున్నది: ఏడాదిలో తయారైన సరుకు విలువను పనివారి సంఖ్యతో భాగించడం. లెక్క సులభం. చిక్కంతా దాని అర్థంలోనే.

ఒక పనివాడు రోజుకు 1,000 రూపాయల పరికరం ఒకటి కూర్చుతున్నాడనుకొందాం. అందులో 900 రూపాయలు కొనితెచ్చిన భాగాల ఖరీదే. మరుసటి ఏడు, పది భాగాల పనిని తానొక్కటే చేసే సమాకలిత వలయం బయటినుండి వచ్చినది. అతడు రోజుకు రెండు పరికరాలు కూర్చగలిగినాడు. కొలబద్దపై ఉత్పాదకత రెట్టింపు! కాని కొత్త విద్య పుట్టినది ఆ వలయాన్ని రూపొందించిన చోట. ఇక్కడ జరిగినదల్లా టంకం వేసే పని తగ్గడమే. కొన్న భాగాల ఖరీదు తీసివేసి చూస్తే ఈ భ్రమ కొంత తొలగుతుంది. పైగా ఎలక్ట్రానిక్ సరుకుల ధరలు పడిపోతూ ఉంటవి గనుక, ధరల మార్పును సరిచేయకుండా లెక్కించినప్పుడు ఇదే కొలబద్ద నిజమైన ప్రగతిని తక్కువ చేసి చూపడం కూడా కద్దు.

1957లో రాబర్టు సోలో ప్రకటించిన గణన ఇంతకంటె మేలైనది. 1909 నుండి 1949 వరకు అమెరికాలో మనిషి ఒక గంటలో చేసే ఉత్పత్తి రెట్టింపు కాగా, అందులో మూలధనం పెరుగుదలకు చెందినది ఎనిమిదవ వంతేనని, మిగిలిన ఏడు వంతులు సాంకేతిక మార్పువేనని ఆయన తేల్చినారు. అయితే ఆ ‘మిగిలినది’ పెద్ద గోతం వంటిది; చదువు, అనుభవం, నిర్వహణ అన్నీ అందులోనే పడతవి. ఏ విద్య ఎవరి చేతికి వచ్చినదో అది చెప్పజాలదు.

ఓటింగు యంత్రాన్నే చూడండి. 2006 నుండి తయారైన రెండవ తరం యంత్రాలకు ప్రోగ్రామును మన ఇంజనీర్లే రచించినా, దానిని చిప్పులో ఎక్కించే పనిని చిప్పు తయారీదారుకు అప్పగించవలసి వచ్చినది. 2013 తరువాతి మూడవ తరంలో ఆ పని మన కర్మాగారాల లోపలికే వచ్చినది. పనివారి సంఖ్య, యంత్రాల సంఖ్య, వాటి వెల మారకుంటే తలసరి అంకె కదలనే కదలదు. కాని రహస్యంగా ఉంచవలసిన ప్రోగ్రాము ఇప్పుడు కర్మాగారం గడప దాటనక్కరలేదు.