ఘంటసాలకి జలుబా?

మా అమ్మకి ఘంటసాల ‘పుష్పవిలాపం’ అంటే ప్రాణం. కిందటేడు ఆవిడ పుట్టినరోజుకి, పాత రికార్డుని శుభ్రం చేసి కొత్తగా వేశామన్న సీడీ ఒకటి కొనుక్కెళ్ళాను. దుకాణంలో వినే కొన్నాను సుమండీ! గరగర లేదు, గొంతు ఖంగున మోగింది. ఇంట్లో రెండు పద్యాలు విని అమ్మ, “ఈయనకి జలుబు చేసిందేమిటే?” అంది.

నేను బి.ఏ. దాన్ని. సైన్సు నా జోలికి రాలేదు, నేను దాని జోలికి పోలేదు. అయినా నాన్న ఎప్పుడో గ్రామఫోన్ నుంచి ఎక్కించిన కాసెట్టునీ, ఈ సీడీనీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాను. అమ్మ మాటే నిజం. స, శ, ష పలికేటప్పుడు పళ్ళ సందున వచ్చే సన్నని గాలి ఉంటుందే, అది పైస్థాయి ధ్వని. పాత 78 ఆర్పీఎం రికార్డుల బుస కూడా అక్కడ బాగా వినిపిస్తుంది. బుసని తుడవబోయి ఆ గాలినీ తుడిచేశారు. ‘పుష్పం’లో ‘ష’ మొద్దుబారిపోయింది.

అంతకన్నా ఘోరం పద్యం చివర. పద్యానికి అందమంతా ఆ రాగం తీయడంలోనే కదా! గొంతు సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ శ్రుతిలో కలిసిపోవాలి. ఇందులో కాస్త తగ్గిందో లేదో, ఎవరో తలుపేసినట్టు ఠక్కున నిశ్శబ్దం.

మరి దుకాణంలో నా చెవులేమయ్యాయి? అక్కడ గట్టిగా పెట్టారు. ఒకే పాట రెండుసార్లు వింటే, గట్టిగా మోగిందే మనకి మెరుగనిపిస్తుంది. కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. 2008లో అమెరికాలో మెటాలికా వాళ్ళు ‘డెత్ మాగ్నెటిక్’ని మరీ చెవులు పగిలేలా తయారుచేస్తే అభిమానులే గోలపెట్టారు. ఇక సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారంటారు. నిజమే. అది గిన్నె కొలత. పాలలో నీళ్ళెన్నో గిన్నె చెబుతుందా?

ఇప్పుడు కొనేముందు వాల్యూం తగ్గించమంటాను. ఆ కాలపు మోనో పాటకి అట్టమీద ‘స్టీరియో’ అని ఉంటే ఇంకాస్త అనుమానంగా చూస్తాను. పద్యం ఎత్తుగడ అక్కర్లేదు, చివర వినిపించమంటాను. “అక్కడ పాటేం లేదు మేడమ్” అంటాడు కుర్రాడు.

“అదే వినిపించు బాబూ.”

అమ్మ ఆ సీడీకి దారం కట్టి, కాకులు బెదిరేందుకు పెరట్లో జామచెట్టుకి వేలాడదీసింది. ఎండలో బాగానే మెరుస్తోంది.