మెట్లకు బండ పరిచే పనితనం

పాత ఇంట్లో మెట్లు కొత్తగా చేయించాలనుకోగానే అందరూ రాళ్ల షాపుకే వెళతారు. చీమకుర్తి గెలాక్సీ నలుపా, కరీంనగర్ టాన్ బ్రౌనా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. రంగు తర్వాత చూసుకోవచ్చు. ముందు టేపు తీసుకుని ప్రతి మెట్టు ఎత్తూ కొలిచి కాగితం మీద రాసుకోండి.

మెట్లెక్కేటప్పుడు ఎవరూ కిందికి చూడరు. రెండు మెట్లు ఎక్కేసరికే కాలికి ఎత్తు అలవాటవుతుంది, ఆపైన అదే లెక్కన లేస్తుంది. మధ్యలో ఒక్కటి అర అంగుళం ఎక్కువైనా వేలు తగిలి తూలిపడతాం. నిలువు పలకను మేస్త్రీలు రైజర్ అంటారు, కాలు మోపే పలకను ట్రెడ్ అంటారు. ఇళ్లకు రైజర్ 190 మిల్లీమీటర్లు మించకూడదనీ, ట్రెడ్ 250కి తగ్గకూడదనీ జాతీయ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 24, 25 అంగుళాలు వచ్చేట్టు చూసుకుంటే నడక హాయిగా ఉంటుంది.

చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. పాత మొజాయిక్ కొట్టడం దుమ్ము, ఖర్చు అని దాని మీదే కొత్త బండ పరుస్తారు. గ్రానైట్ ముప్పావు అంగుళం, కింద మాలు ముప్పావు అంగుళం, మొత్తం అంగుళంన్నర. మెట్లన్నీ సమానంగా లేస్తాయి కాబట్టి మధ్యలో తేడా రాదు. కానీ కింద హాలు, పైన వరండా పాత మట్టంలోనే ఉంటే, ఏడంగుళాల మొదటి మెట్టు ఎనిమిదిన్నర అవుతుంది, చివరిది ఐదున్నరకు దిగిపోతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ప్రమాదం. రెండు అంతస్తుల ఫ్లోరూ అంతే ఎత్తు లేపండి, లేదంటే పాతది కొట్టించండి. తేడా సర్దడానికి అదనంగా ఒక మెట్టు కట్టించాలన్నా ఆలోచించుకోవాలి. కుడికాలితో మొదలుపెట్టి కుడికాలితోనే పైకి చేరాలని మనవాళ్లు మెట్లు బేసి సంఖ్యలో కట్టిస్తారు.

ఇక రాయి. ఇంటి లోపలి మెట్లకు నా ఓటు నాపరాయికే. తాండూరు నీలం, పసుపు బండలు, బేతంచెర్ల బండలు, కడప నల్లరాయి ఎన్నో తరాలుగా మన కాళ్ల కింద ఉన్నవే. మెరుపు తక్కువ పాలిష్ పట్టిస్తే పట్టూ ఉంటుంది, ఎండాకాలం చల్లగానూ ఉంటుంది. అద్దంలా మెరిసే గ్రానైట్ మీద తడికాలు పడితే జారుతుంది. వాన తగిలే బయటి మెట్లకు గ్రానైటే మేలు గానీ, లెదర్ ఫినిష్ అడగండి. పాలిష్ బండే తెచ్చుకుంటే అంచుకు అంగుళం లోపల రెండు మూడు గాడులు కోయించండి.

పని కింది మెట్టు నుంచి మొదలవుతుంది. రైజర్ నిలబెట్టి, దాని నెత్తిన అర అంగుళం ముందుకు వచ్చేట్టు ట్రెడ్ కూర్చోబెడతారు. మంచి మేస్త్రి పనితనం చూడాలంటే ఆ సమయంలో పక్కన నిలబడాలి. మాలు పరిచి, బండ దించి, చెక్క సుత్తితో తట్టి, వెంటనే మళ్లీ పైకి లేపేస్తాడు. మాలు మీద అచ్చు పడని చోటల్లా ఖాళీ ఉన్నట్టే. అక్కడ మాలు నింపి, సిమెంటు పాలు పోసి, బండ దించి రసమట్టం పెడతాడు. తొందరపడే మనిషి నాలుగు మూలలా నాలుగు ముద్దలు వేసి బండ వేసేస్తాడు. మనిషి బరువంతా పడేది ముందు అంచు మీదే, కింద డొల్లగా ఉంటే ఆ అంచే విరుగుతుంది. మాలు ఆరాక తాపీ పిడితో అంచు పొడవునా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన బండను డబ్బులిచ్చే ముందే తీయించండి.

బండ మీద పడిన సిమెంటును అదే రోజు తడి స్పాంజితో తుడిపించాలి. చాలామంది ఎండిపోయాక యాసిడ్ పోసి కడిగిస్తారు. నాపరాయి సున్నపురాయి. యాసిడ్ తగలగానే నురగ కక్కి, పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా అంతే, వెంటనే నీళ్లతో కడిగేయాలి.