పాత గోడలు – కొత్త గాలి యంత్రములు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, లండనులోని నేషనల్ గ్యాలరీ చిత్రములను బాంబుల భయముచే వేల్సులోని మానోడ్ పలకరాతి గనికి తరలించిరి. కొండ కడుపులో ఇటుక గదులు కట్టి, గాలిని 17 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, 42 శాతము సాపేక్ష ఆర్ద్రత వద్ద నిలిపిరి. లండనులో తరచుగా రంగు పెచ్చులు లేచుచుండిన చిత్రములకు అచ్చట మరమ్మతు పని బాగుగా తగ్గిపోయినది. యుద్ధానంతరము తిరిగి వచ్చిన పిదప పెచ్చులు మరల లేచినవి.

కారణము సులభము. కొయ్య తేమను పీల్చి ఉబ్బును, పోగొట్టుకొని కుదించుకొనును. దానిపై రంగుపూత అట్లు సాగలేదు. తేమ మారకున్న చాలునని మానోడ్ నేర్పినది. తరువాతివారు నేర్చుకొన్నది మాత్రము ఒక అంకె.

ఆ గ్యాలరీ శాస్త్రజ్ఞుడు గ్యారీ థామ్సన్ 1978లో వెలువరించిన ‘ది మ్యూజియం ఎన్విరాన్‌మెంట్’ ఈ రంగమున పాఠ్యగ్రంథమైనది. పెద్ద మ్యూజియములలో ఆర్ద్రత 50 లేక 55 శాతముండవలెననియు, అటునిటు 5కు మించి మారరాదనియు అందు సూచించినాడు. ఆ హద్దు వస్తువులకు కలుగు హానిని కొలిచి పెట్టినది కాదనియు, యంత్రము నిలుపగలిగినదానిని బట్టి పెట్టినదనియు ఆయనే ఒప్పుకొన్నాడు. గ్రంథములో మిక్కిలి విలువైన మాట ఇదే. చదివినవారు దానిని దాటిపోయి అంకెను పట్టుకొనిరి.

చలిదేశములలో పాత మేడలలో నెలకొన్న మ్యూజియములకు దీనివలన చిక్కు వచ్చినది. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. 0 డిగ్రీల గాలిలో ఘనమీటరునకు 4.8 గ్రాములకు మించి నీటి ఆవిరి ఇమడదు. 20 డిగ్రీల గాలిలో 17.3 గ్రాములు ఇమడును. కావున బయటి చలిగాలిని తెచ్చి వేడిచేసినచో ఆర్ద్రత 30 శాతమునకు లోపలికి పడిపోవును. 50 శాతము కావలెనన్న యంత్రము ఆవిరిని చేర్చవలెను. అట్టి గాలి సుమారు 9 డిగ్రీలకు చల్లబడిన తలమును తాకిన చాలు, నీరు కట్టును. కిటికీ అద్దముపై నీటిని తుడిచివేయవచ్చును. గోడలోనికి చొచ్చిన ఆవిరి అచ్చటనే నీరై, గడ్డకట్టి, కరగి, ఇటుకను పొడిచేయును. దూలముల కొసలు కుళ్ళును. చిత్రమును కాపాడబోయి ఇంటిని తడిపినట్లు!

కెనడా శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ మికాల్స్కీ ఈ అంకెల భక్తిని ప్రశ్నించినాడు. వస్తువు గతములో ఎదుర్కొన్న మార్పులకు పగులవలసినంత ఇదివరకే పగిలియుండును. అంతకు మించని మార్పుచే కొత్త హాని అరుదు. 2010 నాటి ఐరోపా ప్రమాణము ఇ.ఎన్. 15757 కూడ వస్తువు గడిపిన వాతావరణ చరిత్రనే ఆధారముగా గొన్నది. ఇంగ్లండులో నేషనల్ ట్రస్టు వారి పాత భవనములలో హీటరును నడుపునది ఉష్ణోగ్రత కాదు, ఆర్ద్రత. తేమ పెరిగినప్పుడే అది వెలుగును. కొత్త ఆవిరిని చేర్చరు గనుక గోడకు బాధ లేదు. సందర్శకులు కోటు విప్పకుండుటయే దీనికి చెల్లించు మూల్యము.

మికాల్స్కీ వాదమునకు ఒక మినహాయింపు ఉన్నది. పగుళ్ళు పూడ్చి, జిగురుతో అతికించిన చిత్రమునకు గతచరిత్ర రక్షణనీయదు. అది మరల మొదటినుండి పగులగలదు. అట్టి చిత్రమును సిలికా జెల్ ఉంచి మూసిన అద్దాల పెట్టెలో పెట్టవచ్చును. దానికొరకు భవనమంతటి గాలిని మార్చ పనిలేదు.