వరస తప్పని విద్య

ఉదయం పది కాగానే ఏసీ తత్కాల్ తెరుచుకుంటుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే బండిలో మిగిలిన ఒక్క బెర్తు కోసం వరంగల్‌లో ఒకరు, ఖమ్మంలో ఒకరు, విజయవాడలో ఒకరు ఒకే క్షణంలో వేలితో నొక్కుతారు. బెర్తు ఒకరికే దక్కుతుంది. మిగతా ఇద్దరూ ఉసూరుమంటారు గానీ, ఒకే బెర్తు ముగ్గురికీ రాసిచ్చారన్న గొడవ మాత్రం ఉండదు. ఆ గొడవ లేకపోవడం వెనక యాభై ఏళ్ల విద్య ఉంది. దాని పేరు ట్రాన్సాక్షన్. మన కాలపు విద్యల్లో ఇంత నాజూకైనది, ఇంత ఉపకారం చేసినది, ఇంత తక్కువ మెప్పు పొందినది మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ట్రాన్సాక్షన్ అంటే డేటాబేస్ మనకిచ్చే మాట. నా ఖాతాలోంచి అయిదు వేలు తీసి అమ్మ ఖాతాలో వేయమన్నాననుకోండి. తీయడం ఒక రాత, వేయడం ఇంకో రాత. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. నడుమ కరెంటు పోయినా, యంత్రం ఆగినా ఆ మాట తప్పకూడదు. పని ఖాయం చేస్తే కమిట్, వెనక్కి తిప్పేస్తే రోల్‌బ్యాక్. 1983లో జర్మన్ పరిశోధకులు థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ ఈ మాటలోని నాలుగు గుణాలను కలిపి ‘ఏసిడ్’ అన్నారు: అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ నాలుగూ బట్టీ పట్టని పిల్లలు ఉండరు. అసలు పస మాత్రం మూడోదైన ఐసొలేషన్‌లో ఉంది.

వందల ట్రాన్సాక్షన్లు కలగలిసి నడుస్తుంటాయి. అయినా చివరికి తేలే ఫలితం, అవన్నీ ఏదో ఒక వరసలో ఒకదాని తర్వాత ఒకటి నడిచి ఉంటే వచ్చే ఫలితమే కావాలి. దీన్నే సీరియలైజబుల్ అంటారు. అష్టావధానం చూసినవారికి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. అవధాని సమస్యకు ఒక పాదం, దత్తపదికి ఒక పాదం, నిషిద్ధాక్షరికి ఒక పాదం చెప్పుకుంటూ పోతాడు. అప్రస్తుత ప్రసంగి నడుమ అడ్డొస్తూనే ఉంటాడు. చివర ధారణ వేళ చూస్తే ఒక పద్యంలోని మాట ఇంకో పద్యంలోకి దొర్లి ఉండదు. ప్రతి పృచ్ఛకుడికీ అవధాని తనతో ఒక్కడితోనే కూర్చున్నట్టుగా పద్యం పూర్తవుతుంది. మంచి డేటాబేస్ సెకనుకు వేల పృచ్ఛకులతో చేసేది ఈ అవధానమే.

ఈ విద్యకు ఆదిగురువు జిమ్ గ్రే. 1970ల్లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, ఐబీఎం పరిశోధనశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ తయారవుతుండగా ఆయన, కపాలి ఈశ్వరన్, రేమండ్ లోరీ, ఇర్వింగ్ ట్రైగర్ కలిసి 1976లో ఒక పత్రం ప్రకటించారు. అందులోని సూత్రం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: కావలసిన రికార్డులకు తాళాలు తీసుకుంటూ పో, ఒక్క తాళం వదిలాక మరి కొత్త తాళం తీసుకోకు. టూ ఫేజ్ లాకింగ్ అంటే ఇంతే. ప్రతి ట్రాన్సాక్షనూ ఈ కట్టుబాటు పాటిస్తే చాలు, ఎన్ని ఎలా పెనవేసుకున్నా వరస తప్పదని వారు నిరూపించారు. అంత చిన్న నియమం నుంచి అంత పెద్ద హామీ రాబట్టడం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అదే పత్రంలో ఇంకో అద్భుతం ఉంది. ఒక గ్రామంలో అయిదెకరాలు దాటిన రైతులు ఎందరో లెక్క వేస్తున్నాం. ఉన్న రికార్డులన్నిటికీ తాళం వేశాం. ఇంతలో కొత్త రైతు రికార్డు ఒకటి చేరింది. మళ్లీ లెక్కిస్తే అంకె మారిపోతుంది. లేని రికార్డుకు తాళం ఎక్కడ వేస్తాం? ఇలా ఊడిపడే రికార్డును ఫాంటమ్ అంటారు. రికార్డుకు కాదు, ‘అయిదెకరాలు దాటిన’ అన్న షరతుకే తాళం వేయాలన్నది ఆ నలుగురి జవాబు. ఇంకా పుట్టనిదానికి కూడా కాపలా పెట్టిన బుద్ధి అది!

గ్రే 1993లో రాయిటర్‌తో కలిసి రాసిన ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ గ్రంథం వెయ్యి పేజీలు దాటుతుంది. ఈ విద్యకు అదే పెద్ద బాలశిక్ష. 1998లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2007 జనవరిలో తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో వెళ్లి, తిరిగి రాలేదు.

గ్రే తర్వాత నేను చేతులెత్తి మొక్కేది సి. మోహన్‌కు. ఐఐటీ మద్రాసులో చదివి, ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాలలో పనిచేసిన ఈయన, సహచరులతో కలిసి 1992లో ప్రకటించిన పద్ధతి ఏరీస్. యంత్రం కుప్పకూలి లేచాక డేటాబేస్‌ను మళ్లీ నిలబెట్టే విధానం అది. ఏ మార్పయినా ముందు లాగ్ అనే చిట్టాలో రాయాలి, ఆ తర్వాతే అసలు పేజీ డిస్కుకు చేరాలి. ఇది ముందునుంచీ తెలిసినదే. మోహన్ బృందం ప్రతిభ లేచాక చేసే పనిలో ఉంది. మొదట లాగ్ చదివి, యంత్రం ఆగేసరికి ఎవరెవరు ఏ పనిలో ఉన్నారో తేల్చుకుంటారు. తర్వాత జరిగిందంతా, సగంలో ఆగిపోయిన పనులతో సహా, మళ్లీ జరిపిస్తారు. చివరికి ఆ సగం పనులను వెనక్కి తిప్పుతారు. వెనక్కి తిప్పిన ప్రతి అడుగునూ లాగ్‌లో రాస్తారు. కాబట్టి ఈ మరమ్మతు నడుమ యంత్రం మళ్లీ కూలినా, ఇంకోసారి కూలినా, తిప్పినదాన్నే రెండోసారి తిప్పే ప్రమాదం రాదు. కూలినదాన్ని నిలబెడుతుండగా మళ్లీ కూలితే ఏమిటన్న ప్రశ్న వేసుకుని, దానికి మచ్చలేని జవాబు చెప్పిన పనితనం ఇది.

తాళాలతో ఒక ఇబ్బంది ఉంది. రాసేవాడు తాళం వేస్తే చదివేవాడు ఆగాలి. దానికి విరుగుడుగా పాత ప్రతిని చెరపకుండా పక్కన ఉంచే పద్ధతి వచ్చింది. అదే ఎంవీసీసీ. ఎంఐటీలో డేవిడ్ రీడ్ 1978 సిద్ధాంత గ్రంథంలో దీని బీజం ఉంది. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పనితనం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ది. అక్కడ ప్రతి రికార్డు ప్రతి మీదా రెండు అంకెలు ఉంటాయి: దాన్ని పుట్టించిన ట్రాన్సాక్షన్ సంఖ్య, దానికి కాలం చెల్లించిన ట్రాన్సాక్షన్ సంఖ్య. చదివేవాడు మొదలుపెట్టిన క్షణానికి ఏది చెల్లుబాటో ఆ రెండు అంకెలను బట్టి తేలిపోతుంది. చదివేవాడు రాసేవాడికి అడ్డు రాడు, రాసేవాడు చదివేవాడికి అడ్డు రాడు. ఎవరికీ అక్కరలేని పాత ప్రతులను వ్యాక్యూమ్ అనే పని వెనకనుంచి ఊడ్చేస్తుంటుంది.

అయితే మొదలుపెట్టిన క్షణపు బొమ్మనే చూసే ఈ స్నాప్‌షాట్ పద్ధతికి ఒక చీకటి కోణం ఉంది. 1995లో గ్రే, ఫిల్ బెర్న్‌స్టీన్, ఓనీల్ దంపతులు తదితరులు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోని ఐసొలేషన్ స్థాయిల లొసుగులను ఎండగడుతూ రాసిన పత్రం ఆ కోణాన్ని బయటపెట్టింది. గ్రే చెప్పినదని పేరుపడ్డ ఉదాహరణ వినండి. సంచిలో సగం నల్ల గోళీలు, సగం తెల్ల గోళీలు ఉన్నాయి. ఒక ట్రాన్సాక్షన్ నల్లవన్నీ తెల్లగా మార్చాలి, ఇంకోటి తెల్లవన్నీ నల్లగా మార్చాలి. ఏ వరసలో నడిచినా చివరికి గోళీలన్నీ ఒకే రంగులో ఉండాలి. స్నాప్‌షాట్‌లో మాత్రం ఇద్దరూ పాత బొమ్మే చూసి, తమ తమ గోళీలనే మార్చుకుపోతారు. రంగులు తారుమారవుతాయి, సంచి మళ్లీ సగం సగమే. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ముట్టలేదు కాబట్టి డేటాబేస్‌కు అనుమానమే రాలేదు. దీన్ని రైట్ స్క్యూ అంటారు. గోళీల చోట హాస్టల్లోని ఇద్దరు వార్డెన్లను పెట్టి చూడండి. రాత్రికి ఒకరైనా ఉండాలన్నది నియమం. రెండోవారు ఉన్నారు కదా అని ఇద్దరూ ఒకే క్షణంలో సెలవు రాసుకుంటారు. ఇద్దరికీ సెలవు మంజూరవుతుంది. ఆ రాత్రి పిల్లల దగ్గర ఎవరూ ఉండరు.

ఈ ముడి విప్పినవారి కథ వీరగాథే. అలన్ ఫెకెటే, సహచరులు 2005లో ఒక సత్యం నిరూపించారు. ‘నేను చదివినదాన్ని నా పక్కన నడుస్తున్నవాడు మార్చాడు’ అన్న సంబంధాన్ని బాణం గుర్తుగా గీస్తే, స్నాప్‌షాట్‌లో వరస తప్పిన ప్రతిచోటా అలాంటి బాణాలు రెండు వెంటవెంటనే ఒక ట్రాన్సాక్షన్ గుండా సాగుతాయి. 2008లో సిడ్నీలో మైకేల్ కాహిల్, ఊవె రోమ్, ఫెకెటే ఆ బాణాలను నడుస్తుండగానే కనిపెట్టి, ఒక ట్రాన్సాక్షన్‌ను ఆపేసే ఉపాయం చూపారు. అప్పుడప్పుడు నిర్దోషి కూడా ఆగిపోవచ్చు గానీ, దోషి ఎన్నడూ తప్పించుకోడు. ఇక పుస్తకంలోంచి ఈ విద్యను లోకంలోకి తెచ్చిందెవరు? అప్పట్లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర కోర్టుల్లో పనిచేసే కెవిన్ గ్రిట్నర్, ఎంఐటీలో చదువుతున్న డాన్ పోర్ట్స్. 2011లో పోస్ట్‌గ్రెస్ 9.1లో వారు దీన్ని పొదిగారు. అందులో చదివినదానికి వేసే తాళం ఎవరినీ ఆపదు, జాడ మాత్రమే ఉంచుతుంది. నిజంగా వాడకంలోకి వచ్చిన డేటాబేస్‌లో ఈ పద్ధతి అమలు కావడం అదే మొదలు. 2020లో కైల్ కింగ్స్‌బరీ తన జెప్సెన్ పరీక్షల్లో ఇందులోనూ ఒక దోషం పట్టుకున్నాడు. పోస్ట్‌గ్రెస్ వాళ్లు వాదనకు దిగకుండా దిద్దుకున్నారు. నా అభిమానం ఎటుందో దాచను. ఇలాంటి మనుషులు ఉన్నచోటే అది ఉంటుంది.

ఇంత సంపద చేతిలో ఉండగా మనం చేస్తున్నదేమిటి? చూస్తుంటే కడుపు మండుతుంది. ఆ పోస్ట్‌గ్రెస్ కూడా, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా, మనం అడగనంతవరకు ఇచ్చేది రీడ్ కమిటెడ్ అనే కింది స్థాయి. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగినా దక్కేది స్నాప్‌షాటే. మేలిమి ముద్ర వేసి పూత సరుకు అమ్మడం కాదా ఇది? 2010లో 5.5 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ తనంతట తానుగా ఇచ్చిన మైఐశామ్‌లో ట్రాన్సాక్షన్లే లేవు. ఆ పునాదిమీదే దుకాణాలు వెలిశాయి! తర్వాత నోఎస్‌క్యూఎల్ గాలి వీచింది. ‘ఎప్పటికో ఒకప్పటికి సర్దుకుంటుంది’ అన్న మాటను సిద్ధాంతంగా అమ్మారు. ఆ గాలికి ఊగినవాటిలో ఒకటైన మోంగోడీబీ, చాలా డాక్యుమెంట్ల మీద నడిచే ట్రాన్సాక్షన్లను 2018లో తెచ్చుకోక తప్పలేదు. గూగుల్ అంతటిది 2012లో స్పానర్ అనే తన డేటాబేస్ గురించి రాస్తూ, ట్రాన్సాక్షన్లు లేక ప్రతి ప్రోగ్రామరూ తిప్పలు పడటం కంటే, ఉన్నవాటిని అతిగా వాడి వేగం తగ్గినప్పుడు చూసుకోవడమే నయమని ఒప్పుకుంది.

నష్టాలు ఊహలు కావు. ఖాతాలో వెయ్యి ఉందని ఇద్దరు చదువుతారు. ఒకరు మూడు వందలు, ఇంకొకరు అయిదు వందలు తీసి, తమ లెక్కను తిరిగి రాస్తారు. రెండు వందలు మిగలాల్సిన చోట చివరగా రాసినవారి అంకె మిగులుతుంది. ఒక తీత గాలికి పోయింది. 2014 మార్చిలో ఫ్లెక్స్‌కాయిన్ అనే బిట్‌కాయిన్ బ్యాంకులో దొంగలు వాడింది ఈ జాతి రంధ్రాన్నే. ఖాతాలోని నిల్వ అంకె మారేలోపు వేల బదిలీలు ఒక్కసారి నెట్టి 896 బిట్‌కాయిన్లు ఊడ్చుకుపోయారు, సంస్థ మూతపడింది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆన్‌లైన్ దుకాణాల కోసం జనం వాడుతున్న 12 సాఫ్ట్‌వేర్లను పరిశీలించి, ఇలా దాడి చేయదగ్గ 22 దోషాలు చూపారు. ఒకే గిఫ్ట్ కార్డును పదేపదే ఖర్చు పెట్టగలగడం వాటిలో ఒకటి.

ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఏసిడ్ నాలుగు గుణాలూ గడగడా అప్పజెప్పే మన పిల్లలు, ‘నీ ప్రాజెక్టులో ఐసొలేషన్ ఏ స్థాయిలో ఉంది?’ అంటే తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. నిర్వచనం రాస్తే మార్కులు, రెండు తెరలు పక్కపక్కన తెరిచి గోళీల రంగు తారుమారవడం చూపిస్తే మార్కుల్లేవు. చూడని విద్య ఒంటబట్టదు. ‘సీరియలైజబుల్ నెమ్మది’ అని విని తల ఊపుతారు, కొలిచి చూసినవారు అరుదు. తప్పు లెక్కను ఎంత వేగంగా ఇస్తే మాత్రం ఏం లాభం?

హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో, అమెరికాలో ఈ యంత్రాలను నడిపిస్తున్న తెలుగువారు లక్షల్లో ఉన్నారు. వారికి నా విన్నపం ఇదే. కొత్త పని మొదలుపెట్టినప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో ఐసొలేషన్‌ను సీరియలైజబుల్‌కు మార్చండి. 40001 అన్న దోష సంకేతం వస్తే కంగారుపడకండి. డేటాబేస్ తన మాట నిలబెట్టుకుంటోందని అర్థం. ఆ ట్రాన్సాక్షన్‌ను మొదటినుంచి మళ్లీ నడిపించే నాలుగు పంక్తులు రాయండి. నెమ్మదించిందని కొలిచి తేలాకే, కారణం కాగితం మీద పెట్టి, ఆ ఒక్కచోట స్థాయి దించండి. అధ్యాపకులు ఒక్క పూట ప్రయోగశాలలో రైట్ స్క్యూ చేయించండి. గ్రే, మోహన్, ఫెకెటే, గ్రిట్నర్ లాంటివాళ్లు జీవితాలు ధారపోసి సాధించిన హామీ మన ముందు ఉచితంగా ఉంది. దాన్ని అడిగి పుచ్చుకోవడమే మనం చేయాల్సిన పని.