ఆంగ్లక్రియలు – తెలుగు విభక్తులు
(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వ్యవహారమునుబట్టి ఒక పరిశీలనము)

కారకమనగా క్రియతో అన్వయము గలది. పాణినీయమున కారకములు ఆరు. షష్ఠికి క్రియాన్వయము లేదు గనుక ఆ లెక్కలో దానికి చోటు లేదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి కారకములకు ఒక పరిచ్ఛేదమునే కేటాయించెను. ఇట్టి సంప్రదాయము మనకుండియు, మన నిఘంటువులలో క్రియకు అర్థము దొరకునంత సులభముగ అది కోరు విభక్తి దొరకదు. 'భయపడు' అను క్రియ 'కు' వర్ణకమును కోరును. 'నమ్ము' అనునది 'ను' వర్ణకమును కోరును. 'చెప్పు' అనునది 'కు', 'తో' రెంటితోను పొసగును. తెలుగు మాతృభాషగా గలవారికి ఇది చెప్పనక్కరలేదని నిఘంటుకర్తలు భావించియుందురు. కాని అన్యభాషాక్రియ మన వాక్యమున ప్రవేశించినపుడు ఈ లోపము బయటపడును.

పాశ్చాత్యులలో ఈ దృష్టి బలపడుటకు పరభాషాబోధనము ఒక ముఖ్యకారణము. జపానులో ఆంగ్లము బోధించిన హార్న్‌బీ తన సహచరులతో కూర్చి 1942లో ప్రకటించిన నిఘంటువున ఆంగ్లక్రియలను ఇరువదియైదు వాక్యరీతులుగా విభజించి చూపెను. 1959లో మరణానంతరము వెలువడిన గ్రంథమున ఫ్రెంచి పండితుడు తెనియేర్ క్రియను పరమాణువుతో పోల్చి, అది ఎన్ని నామములను తనకు కట్టుకొనగలదో అదియే దాని శక్తి యనెను. మనవారి 'ఆకాంక్ష' అను మాట ఈ భావమునకు దూరము కాదు.

ఈ వ్యాసమున పరిశీలించు ప్రశ్న ఒక్కటే. ఆంగ్లక్రియ తెలుగులోనికి వచ్చునపుడు దాని వెంటనుండు ప్రిపొజిషను కూడ వచ్చునా? రానియెడల ఆ స్థానమున వచ్చు విభక్తిని నిర్ణయించునది ఏది?

దీనికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతము మంచి క్షేత్రము. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణములలో తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ వినవచ్చును. హిందూపురము కన్నడసీమ పొలిమేరలో నున్నది. ధర్మవరము పట్టుమగ్గములకు, రైల్వే జంక్షనుకు ప్రసిద్ధము. పెనుకొండ చెంత 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభమైనది. సంతలోను, మగ్గముల యొద్దను, కర్మాగారములోను ఆంగ్లక్రియ నిత్యవ్యవహారమై యున్నది.

మొదట రూపమును చూతము. సంస్కృతధాతువు తెలుగులో 'ఇంచు' చేరి 'రక్షించు' వంటి క్రియ యగును. హిందూస్తానీ ధాతువు 'ఆయించు' చేరి 'దబాయించు', 'చలాయించు' అగును. ఆంగ్లక్రియకు ఈ ప్రత్యయములు రెండును పట్టలేదు. అది మార్పులేని ఒకే రూపమున నిలిచి, 'చేయు', 'అగు' అను తెలుగు క్రియలను తోడు తెచ్చుకొనును. 'రేటు ఫిక్స్ చేసినారు', 'రేటు ఫిక్స్ అయింది' అనువానిలో సకర్మకాకర్మక భేదము ఈ తోడుక్రియల వలననే తెలియుచున్నది. కాలము, పురుషము, వచనము కూడ వీనిపైననే నిలుచును. 'ఫోన్ చేసినాడు', 'ఫోన్ చేస్తాండాడు' అనునపుడు 'ఫోన్' కదలదు. ఆంగ్లమందలి భూతకాలరూపమును తెచ్చి 'ఫోన్డ్ చేసినాడు' అనువాడు లేడు. కన్నడమున 'మాడు', 'ఆగు'. ఉర్దూలో 'కర్నా', 'హోనా' ఇదే పని చేయుచున్నవి. మూడు భాషలు వినవచ్చు ఒకే సంతలో అచ్చు ఒక్కటే.

ఇక విభక్తి. ఆంగ్లమున 'హెల్ప్ మీ' అనునపుడు ప్రిపొజిషను లేదు. సర్వనామము నేరుగ కర్మయగును. తెలుగువాడు 'నన్ను హెల్ప్ చెయ్యి' అనక 'నాకు హెల్ప్ చెయ్యి' అనును. 'సాయము చేయు' అను దేశ్యవ్యవహారమున 'కు' ఉండుటయే ఇందుకు కారణము. ఇది ఊహ కాదనుటకు పొరుగుభాషలు సాక్ష్యము. కన్నడమున 'సహాయ మాడు' చతుర్థిని కోరును గనుక 'ననగె హెల్ప్ మాడు' అందురు. ప్రామాణికమగు ఉర్దూలో 'మేరీ మదద్ కరో' అని షష్ఠి వచ్చును. అందుచే 'మేరీ హెల్ప్ కరో' అనియే వాడుక. ఆంగ్లపద మొక్కటే. విభక్తులు వేరు. ఆంగ్లక్రియ తన ప్రిపొజిషనును పొలిమేరలో విడిచి, తాను ఏ దేశ్యక్రియ స్థానము నాక్రమించినదో దాని విభక్తిని వారసత్వముగ గ్రహించినది.

ఇతరోదాహరణములును ఇట్టివే. ఆంగ్లమున కర్మాగారమును 'జాయిన్' అగుదురు. తెలుగులో 'చేరు' ననుసరించి 'ఫ్యాక్టరీలో జాయిన్ అయినాడు' అందుము. 'వెయిట్' అనుదాని వెంటనుండు 'ఫర్' కూడ రాలేదు. 'నీ కోసము వెయిట్ చేసినా' అనునపుడు 'కోసము' మన 'ఎదురుచూచు' నుండి వచ్చినది. రెంటి అర్థము కలియుటచే మార్పు కనబడదు, అంతే. 'సపోర్ట్' విషయమున 'నాకు', 'నన్ను' రెండును వినబడుచున్నవి. 'మద్దతు ఇచ్చు' అనునది 'కు'ను, 'బలపరచు' అనునది 'ను'ను కోరును గదా! దేశ్యమున రెండు మార్గములున్నచోట ఎరువుక్రియకును రెండు మార్గము లేర్పడినవి.

పురుషబోధ ఎంత సూక్ష్మమో ఉద్యోగులందరు ఎరిగిన ఒక మాటనుబట్టి తెలియగలదు. 'ఆయన ట్రాన్స్‌ఫర్ అయినారు' అనునపుడు క్రియ వ్యక్తిననుసరించును. 'ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది' అనునపుడు వ్యక్తి చతుర్థిలోనికి తొలగి, క్రియ ఏకవచనమున నిలుచును. మొదటిదానిలో 'ట్రాన్స్‌ఫర్' క్రియలో భాగము. రెండవదానిలో అదియే కర్త. 'నాకు తెలుసు', 'నాకు ఆకలి అవుతుంది' అను వాక్యములు మనకుండుటచేతనే ఈ రెండవ మార్గము ఇంత సులభముగ ఏర్పడినది.

సంఖ్యల విషయము మరింత ఆసక్తికరము. తెలుగు సంఖ్యావాచకము మనుష్యులను వేరుపరచును: 'నలుగురు', 'నాలుగు'. ఆంగ్లసంఖ్యకు ఈ భేదము లేదు. అయినను 'ఫోర్ మెంబర్స్ జాయిన్ అయినారు', 'ఫోర్ బస్సులు క్యాన్సిల్ అయినాయి' అను వాక్యములను చూడుడు. సంఖ్యలో పోయిన భేదమును క్రియాంతము నిలిపినది. మొత్తమును చెప్పునపుడు 'వంద రూపాయలు సరిపోతుంది' అని ఏకవచనక్రియ వాడుట కలదు. ఆంగ్లమున సైతము ఇట్టి చోట 'ఈజ్' అనియే అందురు. దీనిని ఆంగ్లప్రభావమనుట తొందరపాటు. మొత్తము ఒక్కటను భావము రెండు భాషలకు సహజమే.

ఆంగ్లక్రియల వలన తెలుగు వ్యాకరణము చెడినదను వాదము పై ఉదాహరణముల ముందు నిలువదు. విభక్తి మనది, పురుషము మనది, వచనము మనది. నష్టము లేదని మాత్రము నేననను. అది వేరొకచోట కలదు. 'సర్దుకొను' అనవలసినచోట 'అడ్జస్ట్ అగు', 'ఎదురుచూచు' అనవలసినచోట 'వెయిట్ చేయు' అలవడిన కొలది, విభక్తినిచ్చిన దేశ్యక్రియయే మరుగున పడుచున్నది. వారసుడు నిలిచి, ఆస్తినిచ్చినవాడు మరువబడుచున్నాడు.

ఈ చర్చ మన తరగతిగదులకును సంబంధించినది. తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి ఆంగ్లమున 'డిస్కస్ ఎబౌట్', 'మ్యారీడ్ విత్', 'రీచ్డ్ టు' అని వ్రాసినపుడు మనము ఎర్రసిరాతో కొట్టివేయుదుము. అతడు 'గురించి చర్చించు', 'తో పెండ్లి యగు', 'కు చేరు' అను తన భాషానియమమును పాటించెను. 'టాక్ ఎబౌట్' వంటి ఆంగ్లప్రయోగముల సాదృశ్యము కూడ ఇందు తోడ్పడవచ్చును. తప్పు తప్పే, కాని అది అజ్ఞానము గాదు, ఒక నియమము పొలిమేర దాటుట. కారణము చెప్పినచో అతడు ఒక్క తప్పును గాక ఒక తెగను దిద్దుకొనగలడు.

1854లోనే సి. పి. బ్రౌను తెలుగున వాడుకలోనున్న అన్యదేశ్యములకు ప్రత్యేక నిఘంటువును ప్రకటించెను. పదములను చేర్చు ఆ పనిని క్రియావ్యవహారమునకు విస్తరింపవలసియున్నది. పరిశోధకవిద్యార్థులు ఎరువుక్రియలను విడిమాటలుగ గాక పూర్ణవాక్యములతో, విభక్తితో, ఊరి పేరుతో సేకరింపవలెను. ప్రతి ఎరువుక్రియకు ఎదుట అది స్థానభ్రంశము చేసిన దేశ్యక్రియను కూడ వ్రాసియుంచవలెను. ఆ దేశ్యక్రియలను నోట పలుకువారు ఈ మూడు ఊళ్ళలో ఇంకను ఉన్నారు గనుక, ఈ పని జరుగవలసినది ఇప్పుడే.